ఓటీ నుంచి క్లాసు గదికి: లైవ్ వీడియోతో సర్జరీ పాఠం చెప్పడం ఎలా?

విద్యార్థిగా నేను చూసిన మొదటి ఆపరేషన్‌లో నాకు బాగా గుర్తున్నది సర్జన్ గౌను వెనక ఉన్న ముడి. టేబుల్ చుట్టూ సర్జన్, ఇద్దరు అసిస్టెంట్లు, స్క్రబ్ నర్సు. వాళ్ల వెనక మేం తొమ్మిదిమంది, మునివేళ్ల మీద నిలబడి మెడలు చాపుకుని ఉన్నాం. రెండు గంటల తర్వాత బయటికొచ్చాక మా ప్రొఫెసర్ "ఏం చూశావమ్మా?" అని అడిగితే "పిత్తాశయం తీశారు సార్" అని మాత్రం చెప్పగలిగాను. ఎందుకు అక్కడే కోశారు, కోసే ముందు ఎందుకు అంతసేపు ఆగారు అన్నది ఏమీ తెలియలేదు.

ఈ బాధ ఇప్పటిది కాదు. పాత ఆసుపత్రుల్లో సర్జరీ గది చుట్టూ మెట్ల వరసలు కట్టేవాళ్లు, విద్యార్థులు పైనుంచి చూసేవాళ్లు. ఓటీని, అంటే ఆపరేషన్ గదిని, 'థియేటర్' అనే అలవాటు అక్కడినుంచే వచ్చింది. 1947లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆపరేషన్లను టెలివిజన్ ద్వారా వేరే గదిలో ఉన్న డాక్టర్లకు చూపించారు. 2014లో లండన్‌లోని రాయల్ లండన్ హాస్పిటల్‌లో షఫీ అహ్మద్ అనే సర్జన్ గూగుల్ గ్లాస్ (కెమెరా ఉన్న కళ్లజోడు) పెట్టుకుని తన ఆపరేషన్‌ను వేలమంది విద్యార్థులకు లైవ్‌లో చూపించారు. 2016 ఏప్రిల్‌లో అదే సర్జన్ 360 డిగ్రీల కెమెరాతో మరో ఆపరేషన్ ప్రసారం చేశారు.

అంటే చూపించడం ఎప్పుడో సాధ్యమైంది. చూపించినంత మాత్రాన నేర్పినట్టు కాదు, అసలు కష్టం అక్కడుంది. సర్జన్ చెయ్యి కదలక ముందు మనసులో జరిగే లెక్క విద్యార్థికి అందాలి. ఇక్కడ చెప్పే ప్రతి ఏర్పాటూ దానికోసమే. టేబుల్ మీద పడుకున్న మనిషికి మన పాఠం వల్ల ఇసుమంత ఇబ్బంది కూడా కలగకూడదన్నది దానికంటే ముందుండే షరతు.

మొదటి అడుగు: కేసు ఎంచుకోవడం

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఒక్కటే: లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా కడుపులోకి కెమెరా పంపి చేసే పద్ధతిలో, పిత్తాశయం తీసే మామూలు కేసు తీసుకోండి. కెమెరా ఎలాగూ కడుపులోనే ఉంటుంది. సర్జన్ చూసే బొమ్మే విద్యార్థీ చూస్తాడు. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఈ ఆపరేషన్‌లో 'ఇప్పుడు కోయొచ్చా, కోయకూడదా' అనే ఘట్టం చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

1995లో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్, ఆయన సహచరులు దానికి మూడు షరతులు పెట్టారు. కాలో త్రికోణంలో (కాలేయానికీ పైత్యనాళాలకూ మధ్య ఉండే చోటు) కొవ్వూ, పీచులాంటి కణజాలమూ పూర్తిగా తొలగిపోవాలి. పిత్తాశయం కింది భాగం కాలేయం నుంచి విడిపోయి వెనకున్న కాలేయం కనిపించాలి. పిత్తాశయంలోకి వెళ్లే నాళాలు రెండు (సిస్టిక్ డక్ట్ అనే పైత్యనాళం, ఒక ధమని), రెండంటే రెండే కనిపించాలి. ఈ మూడూ కుదిరేదాకా క్లిప్ వేయకూడదు, కత్తెర పెట్టకూడదు. లేకపోతే ప్రధాన పైత్యనాళాన్నే సిస్టిక్ డక్ట్ అనుకుని కోసేసే ప్రమాదం ఉంది. ఆ పొరపాటు జరిగితే రోగి ఏళ్ల తరబడి అవస్థ పడాల్సి రావచ్చు.

విద్యార్థి ఒక గంట కూర్చుని ఈ ఒక్క నిర్ణయం ఎలా తీసుకుంటారో చూసి అర్థం చేసుకుంటే ఆ గంట సార్థకమైనట్టే. అరుదైన కేసు, కొత్త పద్ధతి, బయటినుంచి వచ్చే పేరున్న సర్జన్ లాంటివి మొదట్లో వద్దు. తన సొంత టీమ్‌తో, తన సొంత ఓటీలో, వందలసార్లు చేసిన ఆపరేషన్ చేసే సర్జన్ అయితేనే మనసు పాఠం మీద కూడా పెట్టగలరు.

రెండో అడుగు: రోగి అనుమతి

ఆపరేషన్‌కు ఇచ్చిన సంతకం ప్రసారానికి చెల్లదు. దీనికి వేరే పత్రం కావాలి, వేరే మాట్లాడాలి. ట్రాలీ మీద ఓటీకి తీసుకెళ్తున్నప్పుడు పెన్ను చేతికిచ్చి అడగడం అనుమతి కిందికి రాదు. కనీసం ముందు రోజు, ఇంటివాళ్లు పక్కన ఉండగా, కూర్చుని చెప్పాలి. వీలైతే సర్జన్ కాకుండా ఇంకొకరు అడగాలి. రేపు తన కడుపు కోయబోయే మనిషి ఎదురుగా నిలబడి అడిగితే 'వద్దు' అనడానికి ఎవరికైనా నోరు రాదు.

నేను వాడే మాటలు దాదాపు ఇలా ఉంటాయి: "మీ ఆపరేషన్ జరిగేటప్పుడు లోపలి భాగం మాత్రం మా విద్యార్థులు వేరే గదిలో టీవీలో చూస్తారు. మీ ముఖం, పేరు ఎక్కడా కనిపించవు. మీరు వద్దంటే మీ వైద్యంలో ఏ తేడా ఉండదు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇప్పుడు సరే అని, రేపు పొద్దున వద్దనిపించినా చెప్పండి, ఆపేస్తాం." ఆ తర్వాత రికార్డు చేస్తున్నామా లేదా, చేస్తే ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఉంటుందన్నది చెప్పాలి. రికార్డింగ్‌కు విడిగా టిక్కు పెట్టించుకోండి. లైవ్‌కు ఒప్పుకుని రికార్డింగ్ వద్దనేవాళ్లు ఉంటారు, అది వాళ్ల హక్కు.

ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి, మీ దేశంలో రోగుల సమాచారానికి సంబంధించిన చట్టం కూడా ముందే చూసుకోవాలి. ఓటీలో పనిచేసే నర్సులు, మత్తు డాక్టర్, టెక్నీషియన్లను కూడా అడగండి. వాళ్ల గొంతులు, చేతులు కూడా ప్రసారంలోకి వస్తాయి కదా.

ఇంకో సంగతి. వెన్నులో మత్తు ఇచ్చే కేసు అయితే రోగి మేలుకుని ఉంటారు. సర్జన్ పాఠం చెబుతున్నట్టు మాట్లాడే ప్రతి మాటా ఆయనకు వినిపిస్తుంది. 'ఇక్కడ తప్పు జరిగితే చాలా రక్తం పోతుంది' అని విద్యార్థులకు చెప్పే మాట, తెర అవతల పడుకున్న మనిషికి ఎలా ఉంటుందో ఊహించండి. అలాంటి కేసుల్లో సర్జన్ మైకు వాడకండి, వివరణంతా క్లాసు గదినుంచే జరగాలి.

మూడో అడుగు: కెమెరా

లాప్రోస్కోపీ అయితే పని తేలిక. ట్రాలీ మీదున్న కెమెరా యూనిట్‌కు సాధారణంగా ఒకటికి మించి వీడియో అవుట్‌పుట్‌లు ఉంటాయి. ఖాళీగా ఉన్నదానికి మీ కేబుల్ తగిలించండి. యూనిట్‌కూ సర్జన్ మానిటర్‌కూ మధ్యలో వీడియో పంపే మీ పెట్టె ఏదీ రాకూడదు. మీ పెట్టె పాడైతే విద్యార్థుల తెర ఆరిపోవాలే తప్ప సర్జన్ తెర ఆరిపోకూడదు. ఈ కనెక్షన్ ఆసుపత్రి బయోమెడికల్ ఇంజనీర్ చూసి ఒప్పుకున్నాకే వాడండి. దూరం ఎక్కువైతే హెచ్‌డీఎంఐ కేబుల్ నమ్మకంగా పనిచేయదు, ఎస్‌డీఐ కేబుల్ మంచిది.

ఓపెన్ సర్జరీలో తిప్పలు ఎక్కువ. ఓటీ లైటు వెలుగు గాయం మీద 40,000 నుంచి 1,60,000 లక్స్ (వెలుగు కొలత) దాకా ఉంటుంది. చుట్టూ రోగి మీద కప్పే ముదురు రంగు గుడ్డలు (డ్రేపులు) ఉంటాయి. కెమెరాను ఆటోలో వదిలేస్తే ఆ ముదురు రంగు చూసి 'చీకటిగా ఉంది' అనుకుని వెలుగు పెంచేస్తుంది. దాంతో గాయం తెల్లటి మచ్చలా అయిపోతుంది. అందుకే ఎక్స్‌పోజర్ చేత్తో తగ్గించి, గాయం లోపలి భాగం స్పష్టంగా కనిపించే దగ్గర లాక్ చేయాలి. వైట్ బ్యాలెన్స్ కూడా అంతే. ఆపరేషన్ మొదలవక ముందే ఓటీ లైటు కింద తెల్లటి గాజుగుడ్డ చూపించి సెట్ చేసి లాక్ చేయండి. ఆటోలో ఉంటే తెర నిండా ఎరుపు వచ్చేసరికి కెమెరా రంగు మార్చేస్తుంది, ధమనికీ సిరకూ తేడా తెలియకుండా పోతుంది. ఆటోఫోకస్ తీసేయండి. సర్జన్ చెయ్యి అడ్డొచ్చిన ప్రతిసారీ అది చేతిమీదికి వెళ్లి, మళ్లీ వెనక్కి రావడానికి వెతుక్కుంటుంది.

కెమెరా ఎక్కడ పెట్టాలి? లైటు మధ్యలో బిగించే కెమెరాకు సర్జన్ తలే అడ్డం. తలకు కట్టుకునే కెమెరా ఐదు నిమిషాలు బాగుంటుంది, తర్వాత ఆ ఊపుడుకు చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. నాకు నచ్చింది పైకప్పునుంచి వేలాడే విడి ఆర్మ్ మీద, సర్జన్ భుజం మీదుగా చూసే కెమెరా. ఎదురువైపు పెట్టక తప్పకపోతే బొమ్మను 180 డిగ్రీలు తిప్పండి. విద్యార్థి ఎప్పుడూ సర్జన్ నిలబడ్డ చోటునుంచే చూడాలి. తెర మూలలో 'తల ఇటువైపు' అని ఒక బాణం గుర్తు పెట్టండి. అది లేకపోతే సగంమంది ఆపరేషన్ అంతా కుడి ఎడమలు వెతుక్కుంటూనే ఉంటారు.

స్టెరైల్ ఫీల్డుకు (క్రిములు లేకుండా ఉంచే చోటుకు) మీ మనిషీ మీ సామానూ కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. కేబుళ్లను నేలకు టేపుతో అతికించండి, ట్రాలీ చక్రం కింద పడితే ప్రమాదం. ప్లగ్గు ఎక్కడ పెట్టాలో ఇంజనీరే చెప్పాలి, నేలమీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు. కాటరీ (కరెంటుతో కణజాలాన్ని కాల్చి కోసే పరికరం) పెడల్ నొక్కినప్పుడు తెర మీద గీతలు, మైకులో బరబర శబ్దం వస్తాయా అన్నది కూడా చూసుకోవాలి. ప్రసారం లేని రోజు ఏదో ఒక మామూలు కేసులో అన్నీ బిగించి, బయటికి ఏమీ పంపకుండా ఒకసారి పరీక్షించండి. ఆ రోజు వీడియో బయటికి వెళ్లకపోయినా ఆ రోగికి కూడా విషయం చెప్పి అనుమతి తీసుకోవాలి.

స్కోపు బయటికి వచ్చే క్షణం

దీన్ని విడిగా చెబుతున్నాను, ఎందుకంటే నాకు ఇది దెబ్బ తిన్నాకే తెలిసింది. లాప్రోస్కోపీలో లెన్సుకు ఆవిరి పట్టినా, రక్తం అంటినా స్కోపును (కడుపులోకి పంపే కెమెరా గొట్టాన్ని) బయటికి తీసి తుడిచి మళ్లీ లోపలికి పెడతారు. ఒక ఆపరేషన్‌లో ఇది చాలాసార్లు జరుగుతుంది. స్కోపు బయట ఉన్న ఆ కొద్ది సెకన్లూ అది గదినంతా చూపిస్తుంది. మేం చేసిన తొలి ప్రసారాల్లో ఒకదాంట్లో గోడ మీదున్న తెల్లబోర్డు కనిపించింది. దాని మీద రోగి పేరు, వయసు, ఆపరేషన్ పేరు పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నాయి. రెండు సెకన్లే. కానీ క్లాసు గదిలో ఉన్నవాళ్లంతా చదివారు. ఆ సాయంత్రం వార్డుకు వెళ్లి రోగికి జరిగింది చెప్పి క్షమాపణ అడిగాం.

అప్పటినుంచి స్విచ్చర్ (ప్రసారమయ్యే బొమ్మను మార్చే పరికరం) దగ్గర ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెడుతున్నాం. సర్జన్ "స్కోపు అవుట్" అనగానే ఆ మనిషి బటన్ నొక్కుతారు, తెర మీద 'ఒక్క నిమిషం' అన్న స్లైడు వస్తుంది. "ఇన్" అన్నాక, లోపలి బొమ్మ తన చిన్న మానిటర్‌లో కనిపించాకే మళ్లీ కలుపుతారు. తెల్లబోర్డు మీద గుడ్డ కప్పుతాం. లాప్రోస్కోపీ యూనిట్‌లో రోగి పేరు నమోదు చేసే చోట ఒక కోడ్ నంబరు మాత్రమే వేస్తాం, లేదంటే పేరు బొమ్మ మూలలో ముద్రపడి వస్తుంది.

నాలుగో అడుగు: మాట

బొమ్మ కాస్త మసకగా ఉన్నా పాఠం నడుస్తుంది, మాట వినపడకపోతే నడవదు. సర్జన్‌కు చెవికి తగిలించే చిన్న మైకు, మాస్కు లోపల నోటికి దగ్గరగా ఉండాలి. చేతులు కడుక్కోక ముందే తగిలించి పరీక్షించండి. స్టెరైల్ గౌను వేసుకున్నాక సర్దడం కుదరదు.

ఓటీలో రోగి భద్రత కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రవేశపెట్టిన చెక్‌లిస్టు చదువుతారు. కోత పెట్టే ముందు 'టైమ్ అవుట్' దగ్గర సర్జన్, మత్తు డాక్టర్, నర్సు ముగ్గురూ రోగి పేరు, చేసే ఆపరేషన్, ఏ వైపు అన్నది పైకి చెబుతారు. చివర్లో తీసిన భాగం మీద లేబుల్ చదివేటప్పుడు కూడా పేరు వినిపిస్తుంది. ఆ రెండు సమయాల్లో ఓటీ ఆడియో మొత్తం ఆపేయండి, చెక్‌లిస్టు గురించి క్లాసు గదిలోనే వివరించండి.

పల్స్ ఆక్సీమీటర్ 'బీప్'ను మాత్రం వినపడనివ్వండి. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ శబ్దం శ్రుతి దిగుతుంది. ఓటీలో ఏళ్లు పనిచేసినవాళ్లు తెర వైపు చూడకుండానే దాన్ని పసిగడతారు. విద్యార్థికి ఆ చెవి ఇప్పటినుంచే అలవాటు కావాలి.

నెట్‌వర్క్ గురించి క్లుప్తంగా. 1080పీ వీడియోకు సుమారు 4 నుంచి 6 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి, దానికి రెట్టింపు ఉండేలా చూసుకోండి. వైఫై వద్దు, కేబుల్ వాడండి. అందరికీ తెరిచి ఉండే వీడియో సైట్ల మీద పెట్టకండి, పేరూ పాస్‌వర్డూ ఉన్నవాళ్లకే తెరుచుకోవాలి. ఒకే భవనంలో అయితే ఆలస్యం లేకుండా పంపండి. బయటి కాలేజీలకు పంపేటప్పుడు కావాలనే పది సెకన్లు ఆలస్యం పెట్టడం నాకు ఇష్టం. పొరపాటున ఏదైనా కనిపిస్తే బయటికి వెళ్లకముందే ఆపడానికి ఆ పది సెకన్లు చాలు.

ఐదో అడుగు: ఎవరి పని ఏంటి

సర్జన్ పని ఆపరేషన్ చేయడం. విద్యార్థుల ప్రశ్నలకు సమాధానాలు చెప్పడం ఆయన పని కాదు. ఈ ఒక్క మాట ఒప్పుకుంటే మిగతా ఏర్పాటంతా దానంతటదే కుదురుతుంది. క్లాసు గదిలో విద్యార్థుల మధ్య ఇంకో సర్జన్ కూర్చోవాలి. ఆయనే వ్యాఖ్యాత. ప్రశ్నలన్నీ ఆయనకే వెళ్తాయి. వాటిలో ఒకటో రెండో, తీరికైన సమయం చూసి, ఓటీకి పంపుతారు. ఓటీలో స్పీకరు ఉండకూడదు, సర్జన్ చెవిలో మాత్రమే వినిపించాలి. అది కూడా ఆయన "అడగండి" అన్నప్పుడే.

స్విచ్చర్ దగ్గర కూర్చునే మనిషి గురించి ముందే చెప్పాను. నాలుగో మనిషి రోగి తరఫు మనిషి. యూరోపియన్ యూరాలజీ అసోసియేషన్ 2014లో లైవ్ సర్జరీలకు ప్రచురించిన విధానంలో రోగి క్షేమం మాత్రమే చూసే ప్రతినిధి ఒకరు ఉండాలని పెట్టింది. చిన్న క్లాసుకు కూడా ఇది పాటించండి. పాఠంతో సంబంధం లేని ఒక సీనియర్ నర్సో డాక్టరో ఓటీలో ఉండి, పాఠం వల్ల ఆపరేషన్ నెమ్మదిస్తోందనో సర్జన్‌కు టెన్షన్ పెరుగుతోందనో అనిపిస్తే "కట్" అనాలి. సర్జన్, మత్తు డాక్టర్, ఈ ప్రతినిధి, ముగ్గురిలో ఎవరు "కట్" అన్నా కారణం అడగకుండా ప్రసారం ఆగిపోవాలి.

ఆరో అడుగు: విద్యార్థుల్ని సిద్ధం చేయడం

ఆపరేషన్‌కు ముందు అరగంట క్లాసు పెట్టండి. రోగి కష్టం ఏంటి, ఎన్నాళ్లనుంచి, స్కాన్‌లో ఏముంది (పేరు తీసేసి) చెప్పండి. తర్వాత ప్రతి ఒక్కరి చేతా ఖాళీ కాగితం మీద కాలో త్రికోణం గీయించండి. తప్పుగా గీసినా దిద్దకండి, ఆ కాగితం వాళ్ల దగ్గరే ఉంచుకోమనండి. మధ్యాహ్నం దానితో పనుంది. ముప్ఫైమందికి మించితే చర్చ జరగదు, కొందరు చూస్తూ కూర్చుండిపోతారు. ఫోన్లు గది బయట పెట్టించండి, తెరను ఫోనుతో తీయడం ఒక్కరు చేసినా రోగికి మనమిచ్చిన మాట పోయినట్టే.

ఇద్దరు విద్యార్థుల్ని మాత్రం ఓటీలోకి పంపండి, ప్రతిసారీ వేరేవాళ్లని. కాటరీ వాసన, గది చల్లదనం, కడుపు గాలితో బిగుసుకోవడం తెర మీద తెలియవు. తిరిగొచ్చాక వాళ్లు మిగతావాళ్లకు చెబుతారు.

ఏడో అడుగు: ఆపరేషన్ జరుగుతుండగా

మొదటి పది నిమిషాలు దిక్కులు చూపించడానికే. తల ఎటు, కాలేయం ఏది, పిత్తాశయం ఎక్కడ దాక్కుంది. వ్యాఖ్యాత తెర మీద గీసి చూపించగలిగే ఏర్పాటు ఉంటే మంచిది, లేకపోతే పొడవాటి కర్ర చాలు.

ఆ తర్వాత వ్యాఖ్యాత ఎక్కువ మాట్లాడకూడదు. మాట్లాడే ప్రతి మాటా ప్రశ్న అయితే ఇంకా మంచిది. సర్జన్ కొవ్వును మెల్లగా తప్పిస్తున్నప్పుడు ఒక్కొక్కరినీ అడగండి: "ఆ గొట్టం ఏంటి? ఎలా తెలిసింది? ఇంకేదైనా అయ్యే అవకాశం ఉందా?" రెండు నాళాలు కనిపిస్తున్నట్టు అనిపించిన క్షణంలో అసలు ప్రశ్న వేయండి: "ఇప్పుడు కోయొచ్చా? చేతులెత్తండి."

ఒకసారి దాదాపు అందరూ చేతులెత్తారు. సరిగ్గా అప్పుడే సర్జన్ క్లిప్పర్ అడగకుండా పిత్తాశయాన్ని అటువైపు తిప్పి, వెనకవైపు చూపించారు. అక్కడ ఇంకా కొవ్వు పొర ఉంది, దాని వెనక ఏముందో కనిపించడం లేదు. "ఇంకా లేదు" అన్నారు ఆయన. మరో పన్నెండు నిమిషాలు ఆ పొరనే శుభ్రం చేశారు. ఆ పన్నెండు నిమిషాలు గదిలో ఎవరూ కదల్లేదు. చేతులెత్తినవాళ్లు తమ చేతులు ఎందుకు తొందరపడ్డాయో చూస్తున్నారు. ముందే ఎడిట్ చేసిన వీడియోలో ఆ పన్నెండు నిమిషాలు కత్తిరించేస్తారు. లైవ్ కోసం ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను.

సర్జన్ ముందే ఒక మాట అనుకుని ఉండాలి, ఉదాహరణకు "నిశ్శబ్దం" అని. అది అన్నాక ఓటీకి ఏ ప్రశ్నా వెళ్లదు. ఆయన మళ్లీ మాట్లాడేదాకా పాఠం వ్యాఖ్యాతదే.

రక్తస్రావం అయితే?

కొంచెం రక్తం వచ్చి సర్జన్ నిదానంగా ఆపుతుంటే ప్రసారం ఆపకండి. గాబరాపడకుండా ఒత్తిపట్టుకోవడం, సక్షన్ పెట్టడం, ఎక్కడినుంచి వస్తోందో కనిపించేదాకా గుడ్డిగా క్లిప్ వేయకపోవడం విద్యార్థి చూడాల్సినవే. అది దాటితే పైన చెప్పిన ముగ్గురిలో ఎవరో "కట్" అంటారు. అప్పుడు వ్యాఖ్యాత నిజమే చెప్పాలి: "అనుకోని రక్తస్రావం అయింది, టీమ్ దానిమీద ఉంది, మనం ఇక చూడటం లేదు." ఖాళీ తెర ముందు వాళ్లను వదిలేయకుండా బోర్డు మీద బొమ్మ గీసి, అలాంటప్పుడు సర్జన్ ముందున్న దారులు ఏంటో చర్చించండి. ఓపెన్ సర్జరీకి మారడం ఓటమి కాదన్న సంగతి ఆ రోజే బాగా బోధపడుతుంది. ఆ తర్వాత రోగి ఎలా ఉన్నారో, ఆయన ఒప్పుకుంటే, విద్యార్థులకు తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే పిల్లలు ఆ బరువు మోస్తూనే తిరుగుతారు.

ఎనిమిదో అడుగు: తర్వాత

అదే రోజు మధ్యాహ్నం, సర్జన్ కూడా ఉండగా, ఒక అరగంట కూర్చోండి. పొద్దున్న గీసిన కాగితం పక్కన పెట్టి, చూసింది మళ్లీ గీయమనండి. రెండింటికీ ఉన్న తేడానే చర్చించండి. సర్జన్‌ను "ఎక్కడ సందేహం వచ్చింది సార్?" అని అడగనివ్వండి. ఎక్కడ సులువుగా అయిందో చెప్పడం కన్నా ఎక్కడ ఆగారో చెప్పడమే వాళ్లకు ఉపయోగం. వారం తర్వాత, ముందుగా చెప్పకుండా, ఆ మూడు షరతులూ మళ్లీ రాయించండి.

రికార్డింగ్ ఉంటే అదే రోజు మొత్తం చూసి, స్కోపు బయట ఉన్న ప్రతి ముక్కా, పేరు వినిపించే ప్రతి చోటా తీసేయండి. అసలు కాపీని చెరిపేసి, మిగిలినదాన్ని పాస్‌వర్డుతో ఒకే చోట ఉంచండి. ఎన్నాళ్లు ఉంచుతామని రోగికి చెప్పామో ఆ తేదీ రిజిస్టర్‌లో రాసి, ఆ రోజున చెరిపేసి సంతకం పెట్టండి.

మరుసటి రోజు వార్డుకు వెళ్లేటప్పుడు ఓటీలో ఉన్న ఆ ఇద్దరు విద్యార్థుల్నీ వెంట తీసుకెళ్లండి. ఎంతమంది చూశారు, ఏ భాగం చూపించాం, రికార్డింగ్ ఎప్పుడు చెరిపేస్తాం అనే మూడూ రోగికి చెప్పండి. చూడాలని అడిగితే వాళ్ల వీడియో వాళ్లకు చూపించండి.